భయం పీల్చే సీట్లు

తోటలపుట్టులో పొద్దున్నే ఊరిని లేపేది కోడి కాదు, భీమన్న కారు. సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఏ ఇంజనీరుగారో తిరిగి తిరిగి వదిలేస్తే, వేలంలో కొన్న పాత డీజిల్ అంబాసిడర్ అది. కాసేపు దగ్గి, కాసేపు అలిగి, ఊరంతా లేచాక అప్పుడు స్టార్టయ్యేది. ముందు ముగ్గురు, వెనక పట్టినంతమంది, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, డిక్కీలో పసుపు మూటలు, అల్లం బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. అంత బరువూ వేసుకుని కొండ దిగి ముంచింగిపుట్టు వెళ్ళేది. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా భీమన్న పెళ్ళాం రమణి గుమ్మంలోనే నిలబడేది. ఆ తరువాత కాఫీ గింజలు టార్పాలిను పరదా మీద ఆరబోసి, కుట్టుమిషను ముందు కూర్చుని ఊరి ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేది. చేతులు బట్ట మీద, చెవులు రోడ్డు మీద. సాయంత్రం కింది మలుపులో హారన్ వినపడితే అప్పుడు ఆమె మొగుడు బతికున్నట్టు. ఆ హారన్ కూడా ఆమె పోరు పడలేక కొట్టేవాడు. మిగతా ఘాటు రోడ్డులో హారన్ ముట్టుకునే అలవాటే అతనికి లేదు.

లేకపోవడానికి కారణం ఉంది. ఆ కారు సీట్లు మనుషుల భయాన్ని పీల్చేస్తాయి.

ఇందులో ఊళ్ళో ఎవరికీ వింత లేదు. ఉప్పు చెమ్మను లాగుతుంది, బొగ్గు వాసనను లాగుతుంది, భీమన్న కారు సీటు భయాన్ని లాగుతుంది. సూదిమందంటే ఏడ్చే పిల్లల్నీ, పదో తరగతి పరీక్షకు వెళ్ళే గుంటల్నీ, ఆఫీసులో దొరగారి ముందు నోరు పెగలని ముసలివాళ్ళనూ కాసేపు అందులో కూర్చోబెట్టి పంపేవారు. ఊరికి మంచిచెడ్డలు చూసే దిసారి కూడా, దడుపు పట్టిన పిల్లల్ని తెస్తే, "ముందు కారులో కూకోబెట్టండి, తగ్గకపోతే నాకాడికి తెండి" అనేవాడు.

మరి రోజంతా ఆ సీటులోనే ఉండేవాడి సంగతేమిటి? ఈ ప్రశ్న ఊరు మొత్తం మీద రమణి ఒక్కతే వేసుకుంది.

భీమన్న కారు దిగితే పిల్లి, ఎక్కితే పులి. ఇంట్లో జెర్రి కనిపిస్తే మంచమెక్కి పెళ్ళాన్ని కేకేసే మనిషి, స్టీరింగు వెనక కూర్చున్నాడంటే డీజిల్ కలిసొస్తుందని దిగుడులో ఇంజను ఆపేసి బండిని దాని మానాన వదిలేసేవాడు. మలుపు మధ్యలో మెడ తిప్పి వెనకవాళ్ళతో పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పేవాడు. ఇంకో జీపులో అయితే ముసలమ్మలు గోల పెట్టి డ్రైవరు నెత్తిన మొట్టుదురు. ఇందులో ఎవరూ కిక్కురుమనరు. చక్రం అంచు దాకా జారినా చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటారు. పోయిన వానాకాలం పక్క అద్దం లేకుండా ఇంటికొచ్చి, "బండరాయి పట్టుకెళ్ళిపోనాదే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి రమణికి ఆ రాత్రి అన్నం దిగలేదు.

ఆమె ఆ కారు ఎక్కేది కాదు. సంతకు కాలిబాటనే దిగేది, మూట నెత్తిన పెట్టుకుని కాలిబాటనే ఎక్కేది. ఎక్కితే తన భయమూ పోతుంది. ఇద్దరికీ పోతే ఇంక చూసుకునేవారెవరు?

"నీకు భయం లేదు మావా, అదే నా భయం," అని ఒకసారి ఏడ్చింది.

"లేకపోతే మంచిదే కదే. ఏటవుద్ది? సీటుకి దండం ఎట్టుకో," అన్నాడు భీమన్న, వేపపుల్ల నములుతూ.

కార్తీకంలో అరకు నిండా టూరిస్టులు దిగారు. భీమన్న కారును తుడిచి, టైర్లకు నల్లరంగు పూసి, ఆశగా వెళ్ళాడు. పైన పటారం, లోన లొటారం. విశాఖపట్నం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి తలుపు తీసి చూసింది. పైకప్పు గుడ్డ జారి సీటు దాకా వేలాడుతోంది. సీట్ల కవర్లు చిరిగి లోపలి గోనెగుడ్డ బయటికొచ్చింది. తలుపు అట్టలు వానకు ఉబ్బి పగిలాయి. లోపలంతా ఎండుచేపల వాసన. వాళ్ళమ్మాయి ముక్కు మూసుకుంది, వాళ్ళ నాన్న తలుపు మళ్ళీ మెల్లగా వేసేశాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే భీమన్నకు ఎక్కువ తగిలింది.

సంతలో రెక్సిను, పరదాలు అమ్మే దుర్గాప్రసాద్ దగ్గర ఆ గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆయన మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ షావుకారు. "పట్నంలో సీట్ల పని చేయిస్తే కారు కంటే కవర్లు ఖరీదవుతాయయ్యా. ఇంట్లో మిషను పెట్టుకుని ఊరంతా తిరుగుతావేం? మీ ఆవిడ చేత కుట్టించు," అని, ఎవరో అడిగి వదిలేసిన గోధుమరంగు రెక్సిను తానొకటి, నలిగినచోట పెట్టుకోమని కొంత కొత్త స్పాంజి చవగ్గా ఇచ్చాడు.

అలా కారు లోపలి పని ఇంటి ముంగిట్లో మొదలైంది. తుప్పుపట్టిన బోల్టులకు రాత్రే డీజిల్ పోసి ఉంచి పొద్దున విప్పారు. కింద పరిచిన పాత మ్యాటు లాగితే నేలకు చిల్లులు కనిపించాయి, వాటికి నూనె డబ్బా రేకు కోసి బిగించారు. పైకప్పు గుడ్డను కుంకుడుకాయ నురగలో ఉతికి, ఎండబెట్టి, గమ్ము రాసి, ముడత రాకుండా ఇద్దరూ చెరో చివర పట్టుకుని అంటించారు. పగిలిన తలుపు అట్టల్ని నమూనాగా పెట్టుకుని పలచటి ప్లైవుడ్డు కోశాడు భీమన్న. రమణి సీట్ల పాత కవర్ల కుట్లు విప్పి, ముక్క ముక్కా కొత్త రెక్సిను మీద పరిచి, సుద్దతో గీసి కత్తిరించింది. రెక్సిను మిషను పాదానికి అతుక్కుని కదలకపోతే కొబ్బరినూనె రాసింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాలు పగటిపూట అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదలు. కారు కొండ మీదే ఉంది, మొగుడు కళ్ళెదుటే ఉన్నాడు. రమణికి ఆ పని ఎప్పటికీ తెమలకపోతే బాగుండుననిపించింది.

వెనక సీటు పాత స్పాంజి కదపకుండానే పైన కొత్త కవరు తొడిగారు. ముందు సీటు ఆ చివర నుంచి ఈ చివరకు బల్లలాగా ఒకటే. దాని ముందు కూర్చుని కొలతలు తీస్తుండగా రమణికి ఆ ఆలోచన వచ్చింది. పైన కవరు ఒకటే అయినప్పుడు, కింద స్పాంజి ఒకటే కావాలని ఏముంది? స్టీరింగు వెనక ఉన్న భాగం ఒక్కటీ తీసేసి కొత్త స్పాంజి పెట్టేస్తే?

మొగుడికి చెప్పి చేసే పని కాదు. చెప్తే నవ్వేస్తాడు. మర్నాడు అతను క్లిప్పులూ స్క్రూలూ తేవడానికి కాలిబాటన సంతకు దిగగానే, బ్లేడు తీసుకుని ముందు సీటు లోపలి గోనెగుడ్డను చీల్చింది.

చప్పుడు లేదు, వాసనా లేదు. కానీ ముంగిట్లో తిరుగుతున్న కోళ్ళన్నీ ఎవరూ తోలకుండానే పరుగెత్తి గంప కింద దూరాయి. కుక్క మంచం కిందికి పోయి మూలిగింది. పక్కింటి సోములమ్మ దూడ పలుపు తెంచుకుని కొర్రచేనుకు అడ్డంపడి పోయింది. రమణి చేతిలో బ్లేడు జారి కిందపడింది.

సోములమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "సీటు కోసీసినావేటే? ముందు సెప్తే దూడని ఇంట్లో కట్టుకుందును కదే!"

"ఎలకలు కొట్టీసినాయత్తా. మార్సాలి," అంది రమణి, పళ్ళు టకటకలాడుతుంటే.

"అలగైతే దాన్ని ఊళ్ళో ఉంచకు. ఇంట్లో నిండు చూలాలుంది," అని ముసలమ్మ దూడ వెనక పోయింది. ఆ చూలాలు ఆమె కూతురు చిన్నమ్మి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

రమణి ఆ స్పాంజి ముక్కను పరదాలో చుట్టి, గునపం పట్టుకుని, ఎవరూ పోని డొంక వైపు నడిచింది. తడిసిన గోనెసంచిలాగా బరువుగా ఉంది. గుండెలకు ఆనించుకుని నడుస్తుంటే అందులోది ఆమెలోకి ఎక్కడం మొదలుపెట్టింది. అది ఆమె భయం కాదు, భీమన్నది. భీమన్న పడాల్సి, పడకుండా సీటుకు వదిలేసిన భయం. ఆమె కళ్ళ ముందు మంచులోంచి ఒక్కసారిగా కర్రల లారీ వచ్చింది. వెనక చక్రం కింద నేల లేదు. బ్రేకు నొక్కితే కాలు కింది దాకా పోయింది, బండి ఆగలేదు. పిల్లాడెవడో రోడ్డుకు అడ్డం పరుగెత్తాడు. ఒకటి అయిపోయేలోపు ఇంకొకటి. తను ఇంట్లో కూర్చుని ఏమేమి ఊహించుకుని వణికిందో అవన్నీ జరిగాయి, ఊహకు రానివి కూడా జరిగాయి. అయినా ప్రతి సాయంత్రం ఆ మనిషి ఇంటికొచ్చి, చేపల పులుసులో ఉప్పు తగ్గిందని అన్నాడు.

డొంకలో కూలబడి కక్కుకుంది. లేచి, గొయ్యి తవ్వి, దాన్ని పాతి, మీద బండ దొర్లించింది. కాల్చుదామంటే పొగ ఏ ఊరి మీదికి పోతుందోనని జంకింది.

ఇంటికొచ్చి కొత్త స్పాంజి పాతదాని కొలతకు కోసి ఇరికించి, గోనెలు కుట్టే దబ్బనంతో కలిపి కుట్టింది. పైన రెక్సిను తొడిగేసరికి ఏది పాతో ఏది కొత్తో కుట్టినామెకే తెలియనట్టు ఉంది. చీకటి పడ్డాక వచ్చిన భీమన్న లాంతరు పట్టుకుని లోపలంతా చూసి, "పెళ్ళికూతురులాగున్నాదే!" అని మురిసిపోయాడు. రమణి తల ఎత్తలేదు.

మర్నాడు ఊరంతా చూస్తుండగా కారు తీశాడు. మొదటి మలుపు దాకా వెళ్ళింది. ఆగింది. కాసేపటికి భీమన్న నడుచుకుంటూ ఇంటికొచ్చాడు, ఒళ్ళంతా చెమట, కాళ్ళూ చేతులూ ఒకటే వణుకు.

"జరం వచ్చీసినాదే. దుప్పటి తే," అన్నాడు.

ఏజెన్సీలో వణుకంటే మలేరియానే. ఎవరినడిగినా అదే చెప్తారు. ఆశా కార్యకర్త వచ్చి వేలు పొడిచి రక్తం చూసి, ఏమీ లేదంది. భీమన్న ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు చల్లగా ఉంటోంది, కారులో కూర్చుంటే వణుకొస్తోంది, కాబట్టి దోమలు కారులోనే, కొత్తగా అంటించిన పైకప్పు గుడ్డలోనే ఉన్నాయని తేల్చాడు. తలుపులు మూసి లోపల వేపాకు పొగ పెట్టాడు. దగ్గుకుంటూ వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ వణికాడు. చివరికి బండిలోనే ఏదో ఉందని చక్రాలు విప్పాడు. బ్రేకులు చూసి నోరు తెరిచాడు. "ఓలమ్మా, ఈటితోనా నాను తిరిగినాను!" అని అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. కొత్త బ్రేకులు వేయించాడు. వణుకు పోలేదు. కారు ముంగిట్లో పరదా కప్పుకుని కూర్చుంది. దుప్పటి కప్పుకుని అతనూ గుమ్మంలో కూర్చున్నాడు.

రమణికి కంటినిండా నిద్ర పడుతోంది. అందుకు సిగ్గేసింది. మొగుణ్ణి దక్కించుకోబోయి మూల కూర్చోబెట్టాను, ఇంక తిండెలా అని పగలంతా కుమిలేది. చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది. చెప్తే పాత స్పాంజి తవ్వి తెమ్మంటాడు. ఆ డొంకలో తను పడ్డ భయం గుర్తొచ్చి నోరు మూసుకునేది.

ఇంతలో ముసురు పట్టింది. ఎడతెగని వాన. ఆ వానలో ఒక పొద్దున చిన్నమ్మికి నొప్పులు వచ్చాయి. నొప్పులొస్తున్నాయి గానీ బిడ్డ కిందికి రావడం లేదు. పొద్దెక్కేకొద్దీ ఆ పిల్ల కళ్ళు తేలేస్తోంది, భయంతో ఒళ్ళు బిగబట్టేస్తోంది. ఫోనుకు సిగ్నలు లేదు. డోలీ కట్టి మోయడానికి కాలిబాట వాగైపోయింది. సోములమ్మ తడుస్తూ వచ్చి భీమన్న ముందు నిలబడింది.

"బాబూ, ఆసుపత్రికి తీసుకుపో. నా గుంట సచ్చిపోతాది."

భీమన్న కారు వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "రమణి పక్కన కూకుంటే తీత్తాను. లేకపోతే నా వల్ల కాదు."

కాదనే వీలు లేకపోయింది. తల్లీకూతుళ్ళు వెనక ఎక్కారు. సీటుకు ఒళ్ళు ఆనగానే చిన్నమ్మి బిగబట్టిన ఊపిరి వదిలింది. పిడికిళ్ళు విప్పింది. రమణి ముందు, ఎడమవైపు కూర్చుంది. కూర్చున్న కాసేపటికి కడుపులో ఎన్నో ఏళ్ళుగా ఉన్న ముడి ఏదో ఊడిపోయింది. ఇంత తేలికా బతుకు! కింద లోయ నిండా మబ్బు. ఈ మనిషి రోజూ చూసింది ఇదా? నవ్వొచ్చింది. నవ్వింది కూడా.

పక్కన భీమన్న స్టీరింగుకు అతుక్కుని ఉన్నాడు. మొదటి గేరులో, ప్రతి మలుపులో హారన్ కొడుతూ, ఆగి, చూసి, మళ్ళీ కదులుతున్నాడు. నోట్లోనే ఊరి నిసాని దేవతకు మొక్కుకుంటున్నాడు.

"బేగి పోనీ మావా. ఇలగైతే రేపటికి ఎల్తాం," అంది రమణి.

సగం ఘాటు దిగాక, రాతిగోడ ఉన్న మలుపు ముందు కారు ఆపేశాడు.

"ఏటైంది?"

"నాను పోను."

"రోడ్డు బాగానే ఉంది కదా! కళ్ళు కనబడ్డం లేదేటి?"

"బాగానే ఉంది. ఏటో తెలీదే. బ్రేకు మీంచి కాలు రావడం లేదు."

"వెనకాల గుంట నొప్పులు పడతంది. పోనీ మావా! ఏటవుద్ది?" అని గదిమింది. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి తన ఏడుపుకు భీమన్న ఇచ్చిన జవాబు అది. గొంతు తనది, మాట అతనిది. అయినా భయం వేయలేదు. విసుగేసింది. నడిచి చూపిస్తే గానీ ఈ పిరికివాడు కదలడని తలుపు తీసుకుని వానలోకి దిగింది.

పాదం తారు మీద పడగానే భయం అరికాలి నుంచి నడినెత్తికి ఎక్కింది. ఆమెకు తెలిసిన పాత భయమే. నాలుగడుగులు వేసి ఆగింది. రోడ్డు నల్లగా, నున్నగా, నిక్షేపంలాగా ఉంది. ఒక బండరాయి తీసి రెండు చేతులతో ముందుకు విసిరింది.

రాయి పడిన చోట తారు మెల్లగా కుంగింది. తరువాత మలుపు సాంతం, రాతిగోడతో సహా, లోయలోకి వెళ్ళిపోయింది. కొండంతా అదిరింది. మబ్బు కింద ఎక్కడో చెట్లు విరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

సోములమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏటే ఆ సప్పుడు?"

"రోడ్డు ఎల్లిపోనాదత్తా."

"అలగా. అయితే ఇక్కడే కానిచ్చీద్దాం. గుంట ఒళ్ళు వదిలీసినాది, బిడ్డ కదిలినాది. నీ చీర కొంగు చింపి ఇలగియ్యి," అని తల లోపలికి తీసుకుంది.

రమణి చక్రాల కింద రాళ్ళు పెట్టింది, కొంగు చింపి ఇచ్చింది. చిన్నమ్మి నొప్పికి అరిచింది గానీ భయానికి అరవలేదు. కొత్త రెక్సిను మీద, పాత స్పాంజి మీద, ఆడపిల్ల పుట్టింది. అమ్మమ్మ చేతుల్లోకి ఎత్తుకోగానే కెవ్వుమంది.

రమణి డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది. రాళ్ళు పెట్టానని చెప్పినా భీమన్న బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. తెగిపోయిన రోడ్డు వైపే చూస్తున్నాడు. గడ్డం వణుకుతోంది.

"ఇది మలేరియా కాదు కదే?" అన్నాడు.

"కాదు మావా. నానే. నీ సీటు కింద స్పాంజి మార్సీసినాను. నీకు సెప్పలేదు."

అతను తిట్టలేదు. ఆమె మొహంలోకి చూశాడు, ఎన్నడూ చూడనట్టు.

"రోజూ ఇలగే ఉండేదానివా? నాను ఇంటికొచ్చీదాకా?"

"ఊ."

"ఇలగుండి ఏటి సేసేదానివే?"

"జాకెట్లు కుట్టీదాన్ని. కూర వండీదాన్ని."

భీమన్న మొహం స్టీరింగు మీద పెట్టుకుని ఏడ్చాడు. రోడ్డు తెగిన అవతలి పక్క నుంచి, చప్పుడు విని వచ్చిన కింది ఊరివాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. పై గట్టు మీదుగా డోలీ తెస్తున్నామని అరుస్తున్నారు. అతను తల ఎత్తి, పక్కనున్న ఖాళీ చోటును చేత్తో తట్టాడు.

"తడిసిపోతన్నావు. లోపలికొచ్చి కూకో. ఇక్కడ కూకుంటే నీకు పోతాది కదే."

రమణి ఆ పొడి చోటు వైపు చూసింది. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, స్టీరింగు మీద అతని చేతిని పట్టుకుంది. రెండు చేతులూ వణుకుతున్నాయి.

"వద్దులే మావా," అంది. "ఇక్కడే ఉంటాను."